ఈస్టరు సోమవారం అత్తరు

లాయోష్ చివరగా చేసిన పని జ్ఞానమణి నెత్తిన అత్తరు చల్లడం. 2006లో, వాళ్లు వలస వచ్చిన న్యూ లిన్‌లో, ఈస్టరు సోమవారం నాడు.

"నీ అత్తరు తాత వచ్చాడు, వెళ్లి తల వంచు," అన్నాడు ఆమె భర్త యేసుదానం సోఫాలోంచి లేవకుండా.

"మీరు ఊరుకోండి! వచ్చే ఏడు తలుపు తీయనని చెప్పేస్తానంతే." నర్సు డ్యూటీకి టైమవుతున్నా జ్ఞానమణి తలుపు తీసింది.

బూట్ల ఫ్యాక్టరీలో రిటైరైన పక్క ఫ్లాటు పెద్దాయన లాయోష్ సూటు వేసుకుని నిలబడ్డాడు. హంగరీలోని ఆయన చిన్న ఊళ్లో ఆ రోజు మగవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల మీద నీళ్లో అత్తరో చల్లుతారట. లేకపోతే వాళ్లు పువ్వుల్లా వాడిపోతారట. బదులుగా రంగు గుడ్డు ఇవ్వాలి. ఫైర్ స్టేషన్ బ్యాండు ఏ సందులో మొదలయ్యేదో, ఎవరింటి సారా ఘాటుగా ఉండేదో ఏటా వర్ణించేవాడు. వినీ వినీ ఆమెకి తెనాలి కన్నా ఆ ఊరే బాగా తెలిసిపోయింది.

పసుపు వేసి ఉడికించిన గుడ్డు చేతిలో పెట్టి పంపేసి, ఎప్పట్లాగే ఆ చవక వాసన పోయేదాకా తల రుద్దుకుంది.

ఆ వారమే ఆయన నిద్రలో పోయాడు. శిలువ ఆకారంలో కట్టించిన పూలతో అంత్యక్రియలకి వెళ్లిన జ్ఞానమణికి ప్రార్థన చేస్తున్న యూదుల గురువు కనిపించాడు. పూలు వెనక్కి దాచుకుంది.

"మీ ఊరి ఈస్టరు గురించి ఎంత చెప్పేవారో!" అంది ఆయన చెల్లెలితో.

"మాకు ఈస్టరెక్కడిదమ్మా? అన్నయ్య కిటికీలోంచి చూసేవాడు. ఒక్క ఏడు మాత్రం అత్తరు పట్టుకుని బయల్దేరాడు. ఆ ఊళ్లో ఎవరూ తలుపు తీయలేదు."