ఫస్ట్ షో టికెట్ కోసం ఫ్లెక్సీ కట్టిన మా ఫక్రు

మా ఫక్రును చంపింది హిందూపురంలోని ఒక సినిమా హీరో అభిమాన సంఘం.

వానకు తడిసిన థియేటర్ పిట్టగోడ మీద, కరెంటు తీగల పక్కన, ఇనుప ఫ్రేమ్‌తో ఫ్లెక్సీ కట్టించింది వాళ్ళు. మేడ తలుపు తీసి ఇచ్చింది థియేటర్ వాళ్ళు. కాసేపు లైన్ ఆపండని కరెంటు ఆఫీసుకు ఫోన్ చేయాలని ఒక్కరికీ తోచలేదు.

దీన్ని ప్రమాదం అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం ధర్మవరంలో మగ్గం మీద ఉన్నాను. రామాంజి ఫోన్ చేశాడు. ఫక్రు, వాడు, నేను ఇంటర్‌లో ఒకే బెంచీ.

"రేయ్, ఫక్రుకు కరెంటు కొట్టిందిరా. బిరీన రా."

ఏ ఆసుపత్రి అని అడిగాను. వాడు ఏడ్చాడు.

అర్థమైంది. అయినా ఏ ఆసుపత్రి, ఏ ఆసుపత్రి అని అరుస్తూనే ఉన్నాను.

ఫక్రు తెలియని వాళ్ళ కోసం.

పెనుకొండ బస్టాండు దగ్గర వాళ్ళ నాయనతో కలిసి పండ్ల బండి నడిపేవాడు. చేతిలో నాలుగు డబ్బులుంటే రైలెక్కి ఒక వారం హిందూపురం, ఒక వారం ధర్మవరం. సినిమా చూసి, మరుసటి రోజు బండి దగ్గర నుంచి మా గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. మధ్యలో ఎవరో దానిమ్మ ధర అడుగుతారు. వీడు ధర చెప్పి, బేరమాడి, మళ్ళీ సినిమాలోకి వచ్చేవాడు.

"ఫస్టాఫ్ బాగుండాది లేప్పా. సెకండాఫ్‌కు డైరెక్టర్ యాడికో ఊరికి పోయినట్లుండాడు."

ఇదీ వాడి రివ్యూ. మాకు అంతకంటే ఏం కావాలి!

వాళ్ళ అవ్వకు ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ సినిమాలు పెట్టి, పక్కన కూర్చుని తనూ చూసేవాడు.

"పాత సినిమాలో హీరోకు ఒక పని ఉంటాదబ్బా. మడక దున్నుతాడు, రిక్షా తొక్కుతాడు. ఇప్పటోనికేం పని? నడిచేది. అదీ స్లోమోషన్‌లో."

నేనేమో కరపత్రాల్లో చదివినదంతా గ్రూప్‌లో పోసేవాణ్ణి. సినిమా మత్తు, యువత చైతన్యం, ఇంకా ఏమేమో. వాడు ఒక్క లైన్‌లో కొట్టేసేవాడు. "నీ స్పీచ్‌కు ఇంటర్వెల్ ఎప్పుడు సామీ?"

మొన్న ఎండాకాలంలో ముగ్గురం హిందూపురంలో ఒక కొత్త సినిమాకు పోయాం. హీరో స్నేహితుణ్ణి విలన్లు చంపేస్తారు. హీరో గట్టిగా అరుస్తాడు. కాసేపటికే ఫారిన్‌లో పాట.

ఫక్రు సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. "ఆ ఫ్రెండ్‌గానికి అమ్మ ఉండాది కదరా, ముందు చూపించినారే. ఆయమ్మ దగ్గరికి ఎవురూ పోరా?" ఫైటింగ్ జరుగుతున్నా అదే మాట.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "ఏమప్పా, సినిమా చూస్తాండావా, పంచాయితీ చేస్తాండావా?"

"పంచాయితీనే అన్నా. నువ్వూ రా, పెద్దమనిషిగా కూర్చుందువు."

హాల్లో సగం మంది నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

వాడు ఆ ఫ్లెక్సీలోని హీరోకు అభిమాని కాదు. ఏ హీరోకూ కాదు. సినిమాకు అభిమాని, అంతే.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. రిలీజ్‌కు ముందు ఫ్లెక్సీ కట్టడానికి ఎవరు పైకెక్కితే వాళ్ళకు సంఘం ఫస్ట్ షో టికెట్ ఇస్తుంది. కూలీ ఉండదు, చేతికి గ్లౌజులుండవు. అభిమానం పేరు పెట్టిన వెట్టిచాకిరీ. టికెట్ మీద ఆశతో వాడు ఎక్కాడు. ఫ్రేమ్ నిలబెడుతుంటే గాలికి తీగల మీదకు ఒరిగింది.

ఆసుపత్రి బయట సంఘం అధ్యక్షుణ్ణి చొక్కా పట్టుకున్నాను. "మేమేమన్నా కావాలని చేసినామా తమ్ముడూ? మాకు మాత్రం బాధ లేదా?" అంటూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. చొక్కా వదిలేశాను. కొట్టడానికి పోయినవాణ్ణి, ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

స్టేషన్‌లో ప్రమాదమే అన్నారు. కరెంటు ఆఫీసులో మాకు సంబంధం లేదన్నారు. ఎవరి మీద అరిచినా, అరుపు నాకే తిరిగి వచ్చింది.

ఈ పొద్దున పెనుకొండలో వాడికి మట్టి ఇచ్చాం. వాళ్ళ నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు రాస్తావంట కదప్పా. మావాణ్ణి గురించి మంచిగా రాయి. ఎవుర్నీ తిట్టొద్దు. మేము ఈడనే బతకాల."

క్షమించు మామా. నీ మాట మొదటి లైన్‌లోనే తప్పాను.

ఎందుకో చెప్తాను. ఇంటికి రాగానే సంఘం వాళ్ళు గ్రూపుల్లో ఒక ఫొటో పంపారు. కొత్త ఫ్లెక్సీ. పైన చేతులు జోడించిన హీరో, పక్కన అధ్యక్షుడు, కింద మూలలో మా ఫక్రు. "వీరాభిమానికి అశ్రునివాళి" అని రాశారు. రేపు పొద్దున తొమ్మిదింటికి కడతారట.

అదే గోడకు. అదే ఇనుప ఫ్రేమ్‌కు. తీగలు ఇంకా అక్కడే ఉన్నాయి.

వద్దని ఫోన్ చేశాను. "మీవాడికే కదప్పా గౌరవం" అన్నారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రేపు ఎవరింటి పిల్లవాడు ఎక్కుతాడో నాకు తెలియదు. టికెట్ మాత్రం ఇస్తారు.

ఫక్రూ, నీ రివ్యూలు వినే భాగ్యం మాకింతే. అల్లా నిన్ను చల్లగా చూడాలి, నీ మీద ఆ మట్టి తేలికగా ఉండాలి. పోయిరా మిత్రమా.

మిగతా వాళ్ళకు: రేపు పొద్దున ఎనిమిది గంటలకు హిందూపురం, ఆ థియేటర్ గేటు దగ్గర. జెండాలు వద్దు, నినాదాలు వద్దు. మేడ మెట్లకు అడ్డంగా కూర్చుందాం. ఇప్పటికి రామాంజి, నేను ఇద్దరమే. ఇద్దర్ని పక్కకు లాగేయడం ఎవరికైనా సులభం.

రండి.