గెలిచిన గుర్రం తాగిన నీళ్లు

కాలేసాబ్ మామ గుర్రాలకు నడక నేర్పుతాడని చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు. గుర్రానికి నడక ఒకరు నేర్పాలా అంటారు. వాళ్ల మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రవాలు నడక ఎప్పుడైనా చూశారా మీరు? నాలుగు కాళ్లూ ఒకదాని వెనక ఒకటి టకటకా పడుతుంటాయి, గుర్రం దూసుకుపోతుంటుంది, పైనున్న మనిషి మాత్రం ఇంట్లో కుర్చీ మీద కూర్చున్నట్టు కదలకుండా ఉంటాడు. పోటీల్లో సవారీ చేసేవాడి చేతికి అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు ఇస్తారు. మైదానం చుట్టి వచ్చేసరికి ఎవరి గ్లాసులో నీళ్లు ఎక్కువ మిగిలితే వాళ్ల గుర్రం గెలిచినట్టు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల అలాంటి నడక కావాలంటే కాలేసాబ్ కొట్టానికే రావాలి. ఆ కొట్టం ఎదురుగానే నా టైలరింగ్ షాపు. జాకెట్లు కుట్టే మిషను మీదే ఆయన గుర్రాలకు అద్దాలూ కుచ్చులూ పెట్టి ఊరేగింపు బట్టలు కుట్టాను. అందుకే ఇదంతా నాకు తెలుసు.

మనిషి పొట్టి. కాళ్లు కొంచెం వంకర. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆ లోటు ఆయన భార్య జైనాబత్త తీర్చేది. పొద్దున లేస్తే ఆమె గొంతు పెనుకొండ రోడ్డు దాకా వినిపించేది. చిక్కిపోయిన పిల్లగుర్రాలను ఎక్కడినుంచో తోలుకొచ్చేవాడు మామ. ఉలవ గుగ్గిళ్లు పెట్టి, మాలిష్ చేసి, నడక నేర్పి అమ్మేసేవాడు. అమ్మిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. "నువ్వు పస్తుంటే గుర్రం తిరిగొస్తాదా?" అని జైనాబత్త అరిచేది, అరుస్తూనే పళ్లెం తెచ్చి ముందు పెట్టేది. బతుకంతా ఇంతే. పెంచినవన్నీ ఎవరి వాకిట్లోనో ఉన్నాయి.

అందుకే నూరీ పుట్టినప్పుడు ఆయన మొండికేశాడు. రాణి అని ఒక ముసలి ఆడగుర్రం ఉండేది, ఎవరూ కొనక మిగిలిపోయింది. దాని కడుపున పుట్టింది నూరీ. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్ల మచ్చ.

"ఇది నా ఇంట్లో పుట్టిండాది జ్యోతమ్మా. దీన్ని అమ్మేది లేదు. దీన్ని పోటీకి నేనే తోల్తా. ఒక్కటన్నా నాదని ఉండనీ" అన్నాడు నాతో.

మూడేళ్లు ఆ గుర్రప్పిల్లను చూసుకున్నట్టు ఏ తండ్రీ కూతుర్ని చూసుకుని ఉండడు. కానీ దానికి నడక రాలేదు. ఒక పక్క ముందుకాలికీ వెనకకాలికీ మెత్తటి తాడు కట్టి, పక్కనే పరుగెత్తి, ఇసుకలో తిప్పి, దున్నిన చేలో తిప్పి చూశాడు. తాడు విప్పగానే ఎగిరెగిరి పడే దుల్కీ నడకే నడిచేది. గ్లాసులో నీళ్లన్నీ మామ చొక్కా మీదే. వీధిలో వాళ్లు "ఏమప్పా, స్నానమైందా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఊరందరి గుర్రాలకూ నేర్పినవాడి ఇంటి గుర్రానికే రాలేదంటే ఎవరి నోరు ఊరుకుంటుంది? ఆయన నవ్వేవాడు గానీ లోపల కుళ్లిపోయేవాడు.

ఆ ఏడు పెనుకొండ దగ్గర బీడులో పోటీలు జరిగాయి. నేను కుట్టిన బట్టలు వేసుకున్న గుర్రాలున్నాయని నేనూ వెళ్లాను. రొద్దం ఫిరోజ్ నల్ల గుర్రం గెలిచింది. గ్లాసు దించితే ఒక్క చుక్క తక్కువ లేదు. చప్పట్లు కొట్టేవాళ్లు కొడుతుంటే మామ మాత్రం చిన్న క్యాను పట్టుకుని ఆ గుర్రం నీళ్లు తాగే బకెట్టు దగ్గర నిలబడ్డాడు. గెలిచిన గుర్రం తాగి వదిలిన నీళ్లు పట్టిస్తే నడక రాని పిల్లకు నడక దిగుతుందని వాళ్ల నాయన చెప్పాడట. ఆ నాయనకు ఆయన నాయన చెప్పి ఉంటాడు.

"మామా, దాని ముక్కు కారతాండాది చూడు" అన్నాను.

"అంత దూరం ఉరికిన జీవానికి ముక్కు కారదా జ్యోతమ్మా" అన్నాడు.

బకెట్టులో చెయ్యి ముంచి, తేలుతున్న గడ్డిపరకలు తీసేసి, ఎంగిలి నీళ్లు క్యానులోకి వంచుకున్నాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఒలకనివ్వలేదు. ఇంటికి రాగానే దోసిట్లో పోసి నూరీకి తాగించాడు. జైనాబత్త గుమ్మంలో నిలబడి, "ఎవరి ఎంగిలో తెచ్చి బిడ్డకు పోస్తాండావు, నీకేమన్నా మతి ఉండాదా?" అని తిట్టింది. మామ విననట్టే ఉండి దాని మూతి తన కండువాతో తుడిచాడు.

తర్వాత నడక దిగింది! ఎందుకు దిగిందో దేవుడికి తెలియాలి. మూడేళ్లు ఆయన దాని వెంట పరుగెత్తినందుకు దిగిందని నేనంటాను. ఆయన మాత్రం నీళ్ల మహిమ అన్నాడు, నాయన మాట నిజమని మురిసిపోయాడు. ధర్మవరంలో జరిగిన పోటీలో నూరీ మైదానం చుట్టి వస్తుంటే పైన మామ బొమ్మలా కూర్చున్నాడు. గ్లాసు నిండుగానే ఉంది. నేను ఈలేశాను. ఆడదానివి ఈలేస్తావా అన్నవాడికి ఇంకోసారి వేసి చూపించాను. మామ గుర్రం దిగి, దాని మెడకు ముఖం ఆనించుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆయన్ను అంత సంతోషంగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

బెంగళూరులో పెద్ద పోటీకి పిలుపొచ్చింది. నూరీకి నీలం పట్టు మీద వెండి దారంతో బట్ట కుట్టడం మొదలుపెట్టాను. రాష్ట్రం దాటాలంటే గుర్రానికి రక్తపరీక్ష చేయించాలి. పశువుల డాక్టరు శివకృష్ణ వచ్చి నూరీకీ రాణికీ రక్తం తీసుకుని ల్యాబుకు పంపాడు. రాణికి ఏమీ లేదు. నూరీకి గ్లాండర్స్ అని వచ్చింది. తప్పేమో అని మళ్లీ పంపారు. మళ్లీ అదే వచ్చింది.

"మందు లేదు సాబ్" అన్నాడు శివకృష్ణ. చిన్నవాడు, మా మొహాలు చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "ఇది మిగతా గుర్రాలకు అంటుకుంటుంది. మనుషులకు కూడా. రూలు ప్రకారం నేనే ఇంజెక్షన్ చేసి నిద్రపుచ్చాల."

"నిద్రపుచ్చితే మళ్లా లేస్తాదా సార్?" అన్నాడు మామ.

డాక్టరు లేవదన్నట్టు తల ఊపాడు. నూరీ అవతల గుగ్గిళ్లు నములుతోంది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఒళ్లు అద్దంలా మెరుస్తోంది. లోపల దాక్కునే జబ్బట అది.

"వేరే గుర్రంతో కలిసి నీళ్లు ఏమన్నా తాగిందా ఇది?" అని అడిగాడు డాక్టరు. "రొద్దంలో ఫిరోజ్ నల్ల గుర్రానికీ ఇదే జబ్బు. అది పోయింది, మీకు తెలుసో లేదో."

నేను జైనాబత్త వైపు చూశాను. ఇప్పుడు అరుస్తుంది, డాక్టరు ఎదుటే మామను కడిగేస్తుంది అనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మామ తన అరచేతులు చూసుకున్నాడు. "అది తాగలే సార్. నేనే తాగిస్తి" అన్నాడు.

ఊరి బయట బీడులో జేసీబీతో లోతుగా గుంత తీయించారు. పక్కన సున్నం బస్తాలు దించారు. వింత చూడ్డానికి ఫోన్లు పట్టుకుని కొట్టం గోడెక్కినవాళ్లను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. డాక్టరుతో వచ్చిన, తెల్లటి ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న మనుషులను చూసి నూరీ బెదిరి కొట్టంలోంచి కదల్లేదు. తనే తోలుకొస్తానన్నాడు మామ. ఆ బట్టలూ మాస్కూ గ్లవుజులూ తొడుక్కుంటే తప్ప దగ్గరికి పోనివ్వమన్నారు. తొడుక్కుని వెళ్తే నూరీ ఆయన్ను గుర్తుపట్టలేదు, చెవులు వెనక్కి పెట్టి గోడకు అతుక్కుపోయింది.

"నేనే బిడ్డా. నేనే" అన్నాడు మాస్కులోంచి.

ఆ గొంతుకు దాని చెవులు లేచాయి. వచ్చి ప్లాస్టిక్ భుజం మీద మూతి పెట్టింది. పలుపు పట్టుకుని ఆయన నడిచాడు. బీడు కనిపించగానే పోటీకి తీసుకొచ్చారనుకుందో ఏమో, మెడ ఎత్తి రవాలు అందుకుంది. అడుగులు టకటకా పడుతున్నాయి, వీపు కదలడం లేదు. ఆ నడక కోసం దాన్ని మూడేళ్లు బతిమాలినవాడు ఇప్పుడు పలుపు వెనక్కి లాగుతూ, "నిదానంగా పోదాం బిడ్డా, నిదానంగా, మనకేమి తొందర" అంటున్నాడు. అది ఆగలేదు. గుంత దాకా అలాగే వెళ్లింది.

తర్వాత కొట్టంలో గడ్డి, తాళ్లు, నేను సగం కుట్టిన పట్టుబట్ట, అన్నీ కాల్చేశారు. ఇంట్లో వాళ్లకూ నాకూ కూడా రక్తం తీశారు. ఎవరికీ ఏమీ లేదని కబురొచ్చిన రోజు జైనాబత్త ఫాతెహా ఇప్పించి, ఏడుస్తూనే వీధంతా చక్కెర పంచింది. మొగుడు దక్కాడు కదా, ఆమె ఏడుపు నాకు అర్థమైంది.

మామ ఇంటి ముందు రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"మంచి మాటే కదా మామా. నీకేమీ లేదంట" అన్నాను.

"అదే అడుగుతాండా జ్యోతమ్మా" అన్నాడు. "బకెట్టులో చెయ్యి ముంచింది నేను. దోసిట్లో పట్టింది నేను. దాని మూతి తుడిచిన కండువాతోనే నా ముఖమూ తుడుచుకుంటి. ఆ జబ్బు నన్నెందుకు ఇడిసిపెట్టె?"

పోయి ఆయన పక్కన కూర్చున్నాను, ఇద్దరం ఏడ్చాం.