మామగారి ఆకు

మా మామగారిది లామినేషన్ షాపు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతికి చిక్కిన కాగితం ఏదీ వట్టి కాగితంగా బయటపడలేదు. కరెంటు బిల్లులు, మందుల చీటీలు, మా పెళ్ళి శుభలేఖ, అన్నీ ప్లాస్టిక్ తొడుక్కుని ఆయన బీరువాలో తళతళలాడుతుంటాయి. నేను వాళ్ళమ్మాయికి రాసిన మొదటి ఉత్తరం కూడా ఆయనకే దొరికింది. చింపేస్తారని మేమిద్దరం వణికిపోతుంటే, సాక్ష్యం చెక్కుచెదరకూడదని దాన్ని లామినేట్ చేసి దాచారు. అందులో నేను చేసిన ప్రమాణాలన్నీ ఇప్పటికీ నిగనిగలాడుతూనే ఉన్నాయి. నా ఖర్మ.

మా అమ్మాయిని అందరూ పిడుగు అంటారు. దానికి ఐదేళ్ళు నిండుతున్నాయని మా ఆవిడ వచ్చే ఆదివారం పార్కులో ‘ఆకుల పుట్టినరోజు’ తలపెట్టింది. అందరూ నడిచే రావాలి. తినడానికి పళ్ళు, పెట్టుకోవడానికి రాలిన ఆకుల కిరీటాలు, చివర్లో ఒక మొక్క నాటడం. మట్టిలో కలవనిది ఏదీ గేటు దాటకూడదు. మరి నీళ్ళకి తీసుకెళ్ళే స్టీలు గ్లాసులు మట్టిలో కలుస్తాయా అని అడిగాను. వాటిని కడిగేది నువ్వే అంది.

పిలుపులు కూడా ఆకుల మీదే. పిడుగు నేల మీద బోర్లా పడుకుని, అరచేయంత ఆకులు ఏడింటి మీద స్కెచ్ పెన్నుతో రాసింది. ఆరు స్నేహితులకి, ఒకటి తాతకి. ఆ ఆకే టికెట్టు. గేటు దగ్గర పిడుగు చేతికిస్తే మొక్క గుంటలో ఎరువుగా వేస్తుంది.

‘తాతా నువ్వు రా’ అని ఉంది మామగారి ఆకు మీద. మనవరాలు ఆయనకి రాసిన మొదటి ముక్క అది. కళ్ళజోడు తుడుచుకుని మరీ నాలుగుసార్లు చదివారు. ఆదివారానికల్లా అది ఎండి పొడైపోతుందంటే ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. తిన్నగా షాపుకి వెళ్ళి మిషను వేడిచేశారు.

ఆదివారం పిడుగు కిరీటం పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పిల్లలు తెచ్చిన ఆకులు అప్పటికే వడలిపోయి, చిరిగిపోయి ఉన్నాయి. ఒకడి దగ్గర తొడిమ మాత్రమే మిగిలింది. దాన్నీ తీసుకుని లోపలికి పంపింది. అప్పుడు మామగారు ఇస్త్రీ చొక్కా జేబులోంచి ధగధగలాడే ఆకు తీశారు.

"ఇది ఎరువవుతుందా తాతా?"

"ఎందుకవుతుందమ్మా. వందేళ్ళయినా ఇలాగే ఉంటుంది," అన్నారు గర్వంగా.

"అయితే నువ్వు బయటే ఉండు."

ఆయన సిఫారసు కోసం నావైపు చూశారు. నాకు నా ఉత్తరం గుర్తొచ్చి ఆకాశంకేసి చూశాను. మా ఆవిడేమో, "పుట్టినరోజు దానిది నాన్నా, నేనేం చెప్పను," అంది.

పాపం, గేటు బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. లోపల పిల్లల కేకలు వింటూ కాసేపు ఓర్చుకున్నారు. చివరికి జేబులోంచి చిన్న కత్తెర తీశారు. తన చేత్తో అతికించినదాన్ని ఆయన ఎప్పుడూ విప్పి ఎరగరు. అంచు కత్తిరించి లాగితే ఆకు ముక్కలుముక్కలైంది. అక్షరాలు సగం ప్లాస్టిక్‌కే అంటుకుపోయాయి. ఆ ముక్కలు దోసిట్లో పట్టుకుని గేటు దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నవ్వుదామనుకున్నవాణ్ణి నవ్వలేకపోయాను.

"నువ్వు రాసింది దాచుకుందామనుకున్నానమ్మా. పోయింది."

పిడుగు ఆ ముక్కలన్నీ జాగ్రత్తగా గుంటలో వేసింది. "దాచుకుంటే ఇంకోటి ఎందుకు రాస్తాను తాతా? పోతేనే కదా మళ్ళీ రాసేది," అని కిరీటం తీసి ఆయన నెత్తిన పెట్టింది. సాయంత్రం దాకా ఆయన దాన్ని తియ్యలేదు.

తిరిగొస్తుంటే మెల్లగా అడిగాను. "మామయ్యగారూ, మరి నా ఉత్తరం కూడా మట్టిలో కలిపేద్దామా?"

"అది ఉండాల్సిందే అల్లుడుగారూ," అన్నారు.

మర్నాడు పొద్దున్నే, షాపు తెరవకముందే మా తలుపు కొట్టారు. ఒక చేతిలో వెడల్పాటి ఆకు, ఇంకో చేతిలో స్కెచ్ పెన్ను.

"నిన్నటిది పోయిందిగా," అన్నారు. "పిడుగు లేచిందా?"