మార్కండేయులు గోరు

ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మార్కండేయులుకు తన ఎడమ బొటనవేలి గోరంటే మహా గర్వం. ఆ గోటి మీదుగా లాగితే ఎంత మెలిపడ్డ పోగైనా బుద్ధిగా సాగేది. మగ్గం మూలపడ్డాక ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డులో అయస్కాంతాలు తయారుచేసే షెడ్డులో చేరాడు. మూడు నెలలు చూసి ఇద్దరిలో ఒకరినే ఖాయం చేస్తామన్నారు. రెండో మనిషి పెద్దకడుబూరు నుంచి వచ్చిన భారతి.

పని ఇదీ: రిబ్బను లాంటి సూపర్‌కండక్టర్ టేపును చుట్ట నుంచి ముక్కలు కోసి, నలభై ముక్కలు దొంతరగా పేర్చి, టంకంతో అతికి, అంచులు అరగదీసి బిళ్లగా చేయాలి. గడ్డకట్టే చలిలో ముంచి పెద్ద అయస్కాంతం చూపిస్తే ఆ బిళ్లా అయస్కాంతమైపోతుంది. పరీక్ష చేసే తొట్టి ఇంకా రాలేదు. అందాకా కంటికి నచ్చిందే మంచి పని.

భారతి ముక్కల్లో చుట్ట వంపు పోయేది కాదు. మార్కండేయులువి గీత గీసినట్టుండేవి.

"దొంతరా పాపా ఇది? మాడిన దోసెలు పేర్సినట్టుంది. పత్తి ఏరే సేతులు ఇంతేలేప్పా!" అనేవాడు, షెడ్డంతా వినేలా. అందరూ నవ్వేవారు. భారతి తల వంచుకుంటే ఇంకోటి అనేవాడు.

తొట్టి వచ్చింది. ఇంజనీరు సాయినాథ్ పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో బిళ్లలు ముంచి, పెద్ద అయస్కాంతం చూపించి తీసేసి, దారం కట్టిన ఇనుప మరమేకును దించాడు. భారతి బిళ్లలు దాన్ని ఠక్కున లాక్కున్నాయి. మార్కండేయులు బిళ్లల్లో ఒక్కటీ ఉలకలేదు.

"టేపే మంచిది కాదు సార్. నా సెయ్యి సూడండి," అని అతను కొత్త ముక్క తీసి, అందరి ముందూ గోటి మీదుగా సర్రున లాగాడు.

సాయినాథ్ ఆ ముక్కను చేతిలోంచి లాక్కున్నాడు. "ఎన్నిటిని ఇట్ల లాగినావన్నా?"

"అన్నిటినీ సార్! ఒక్కటి ఇడిసిపెట్టలే."

టేపు పైకి రాగిలా మెరుస్తుంది గానీ, లోపల పనిచేసేది పింగాణీలా పెళుసైన పొర. గోటి కింద అది చిట్లినా కంటికి కనబడదు.

భారతి ఖాయమైంది. మార్కండేయులును పంపేసినా బాగుండేది. ఊడ్చే పనికి ఉంచారు. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా భారతి కేకేస్తుంది.

"అన్నా, ఈడికి రా. ఎట్ల పగలగొట్టినావో ఈళ్లకు సూపించు."

చీపురు గోడకానించి వస్తాడు. పనికిరాని ముక్క ఒకటి అందుకుని గోటి మీదుగా లాగుతాడు. అది గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. ఆ క్షణాన ఇప్పటికీ అతని మొహం వెలిగిపోతుంది. షెడ్డు నవ్వేది సరిగ్గా అప్పుడే.