పది అక్షరాలు, ముప్పై ఆరు లక్షల వరసలు

అందరూ 'అక్షరాలాయన' అని పిలిచే ఆయన చదివింది ఊరిబడిలో ఎనిమిదో తరగతి వరకే. చేసినవి చెప్పాలంటే మాత్రం ఒక పూట చాలదు. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చాడు. ఏ గడిలో ఏ అక్షరముందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రెండు వందల పన్నెండు పుస్తకాలు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి. వారపత్రికలో 'చెదిరిన అక్షరాలు' శీర్షిక ఇరవై ఆరేళ్ళుగా ఆయనదే. డెబ్బై ఒకటో ఏట కోడలి పక్కన కూర్చుని కంప్యూటరు ప్రోగ్రాం రాయడమూ నేర్చాడు. దీనికి మాత్రం కారణం ఒక తలవంపు.

క్రితం నెల ఆయన మూడక్షరాలు చెదరగొట్టి ఇచ్చాడు. జవాబు 'పలక'. ఒక వడ్రంగి 'కలప' అని రాసి, నాకెందుకివ్వరు బహుమతి అంటూ పత్రికాఫీసు గుమ్మంలో బైఠాయించాడు. సంపాదకుడు ఫోను చేశాడు.

"ఇంకోసారి రెండు జవాబులొస్తే శీర్షిక ఎత్తేస్తానండీ. ఏమనుకోకండి."

అందుకే ఈసారి పెద్ద మాటే పట్టాడు: పరోపకారపరాయణుడు. ఆ పది అక్షరాలనూ ఎన్ని వరసల్లో పేర్చవచ్చో అన్ని వరసల్లోనూ పేర్చి, ఒక్కోదాన్నీ నిఘంటువుతో సరిచూసే ప్రోగ్రాం రాశాడు. ఐదింటికి పత్రిక అచ్చుకు పోతుంది. పొద్దున తొమ్మిదింటికి మీట నొక్కితే, మధ్యాహ్నం రెండైనా అది ఇంకా పేరుస్తూనే ఉంది.

"నేను బయల్దేరడానికి పావుగంట పడితే ఇల్లు పీకి పందిరేస్తారు. దాన్ని మాత్రం పల్లెత్తు మాటనరు," అంది భార్య.

"ముప్పై ఆరు లక్షల వరసలే! ఏమనుకున్నావు?"

"లక్షలు సరే. ఇందాకటి వరసే తెర మీద మళ్ళీ వచ్చిందేంటి మరి?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. నిజమే. మాటలో 'ప' మూడుసార్లుంది. ఆ మూడింటినీ ముగ్గురు వేరువేరు మనుషులనుకుని ప్రోగ్రాం అటూ ఇటూ మార్చి కూర్చోబెడుతోంది. అచ్చాఫీసులో 'ప'లన్నీ ఒకే గడిలో ఉండేవి. ఏది తీసినా ఒకటే. పైగా ఇది 'ణు' ముందు పెట్టి, దాని వెనక తొమ్మిది అక్షరాలనూ బుద్ధిగా పేరుస్తోంది. ఆయన చెయ్యి జన్మలో అలా పోలేదు. మొదటి రెండక్షరాల్లోనే మాట పుట్టదని తెలిస్తే అక్కడే ఆగిపోయేది.

కోడలికి ఫోను చేశాడు. "అమ్మాయ్, దీనికి పని రాదే!"

"మీకొచ్చిన పని దానికి చెప్పారా మామయ్యగారూ?"

మాట సూటిగా తగిలింది. రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు. ఒకే అక్షరాన్ని ఒకే చోట రెండోసారి పెట్టకు. ఏ మాటా అలా మొదలవదంటే ముందుకు పోకు.

నాలుగుంబావుకు నొక్కాడు. మీట మీంచి వేలు తీసేలోపే జవాబు: ఒకే ఒక్క మాట. నమ్మకం చాలక మళ్ళీ నొక్కాడు. ఒకటే.

"ఖాయమేనా?" అన్నాడు ఫోనులో సంపాదకుడు.

"రెండోది దొరికితే శీర్షికతో పాటు నా కళ్ళజోడూ తీసుకుపోవయ్యా!"

అవతల నవ్వు వినబడింది. "సరే, వచ్చేవారానిదీ పంపండి."

ఫోను పెట్టీ పెట్టకముందే భార్య అందుకుంది. "పంపేముందు నాకు చూపించండి. కంప్యూటరు తప్పు పట్టింది నేను కదా!"

"చూపిస్తానులేవే," అని ఆయన పన్నెండక్షరాల మాట కోసం నిఘంటువు తెరిచాడు.