జాకీ దించితే పడని డోరు

మా బావ ఉద్యోగమంతా స్టీరింగు వెనకే గడిచింది. గని మేనేజరును ఇంటి నుంచి గనికి, గని నుంచి ఆఫీసుకు తిప్పే తెల్ల అంబాసిడర్‌కు ఆయన డ్రైవరు. ఆఫీసర్ల భార్యలకు నొప్పులొచ్చినా, పిల్లలకు జ్వరమొచ్చినా అందులోనే దవాఖానకు తీసుకుపోయేవాడు. ఆయన భార్య, అంటే మా అక్క, మాత్రం ఆ కారులో ఒక్కసారీ కూర్చోలేదు. సొంతవాళ్ళను ఎక్కించకూడదని రూలు. రూలు తప్పడం బావకు చేతకాదు. కూతురు పుట్టినప్పుడు కూడా అక్క రిక్షాలోనే పోయింది. అక్కకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. బావకే ఉంది.

రిటైరయ్యాక బావ గోదావరిఖని చివర చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కొన్నాళ్ళకే అక్క కిడ్నీలు చెడిపోయాయి. వారంలో రెండుసార్లు గోదారి బ్రిడ్జి దాటి మంచిర్యాలకు డయాలసిస్‌కు పోవాలి. బొగ్గు లారీలు తిరిగీ తిరిగీ రోడ్డంతా గుంతలు. ఆటో గుంతలో పడ్డ ప్రతిసారీ అక్క పెదవి కొరుక్కునేది. తిరిగొచ్చేటప్పుడు మరీ కష్టం. ఒంట్లోంచి ఏదో పిండేసినట్టు వడలిపోయి, తల నా భుజం మీద వాల్చేది.

అలాంటి రోజుల్లోనే బావకు ఆ కారు కనబడింది. ఏదో పెళ్ళికని రామగిరి పోతే, ఒక రైతు కొట్టంలో, లోపల కోళ్ళు పొదుగుతున్న అంబాసిడర్ ఒకటుంది. నంబరు చూసి గుర్తుపట్టాడు. ఆఫీసు ఎప్పుడో అమ్మేసిన తన కారే. రైతు దగ్గర కొని, ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చి, పెరట్లో రేకుల షెడ్డు వేశాడు.

"దీని ఎనక సీటు ఉన్నది చూడు, దాంట్ల పండుకుంటే గుంతలే తెల్వయి," అన్నాడు నాతో. "మీ అక్కను గీ కార్లనే తీస్కపోత."

నేను గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. పంపులు, ట్రాలీలు తెలుసు గానీ కారు బాడీ పని ఎప్పుడూ చేయలేదు. బావకు ఇంజను తెలుసు. నెల తిరక్కుండానే దాన్ని నడిపించాడు. ఇక రేకు పనే మిగిలిందనుకున్నాం. కానీ నేను చేయి వేసే సమయానికే చెడాల్సింది చెడిపోయింది.

అంబాసిడర్‌కు రెండు వైపులా డోర్ల కింద గడపలాంటి ఇనుప పెట్టె ఒకటి పొడుగునా ఉంటుంది. బండి నడుము నిలబడేది దాని మీదే. అది తుప్పు పట్టి తవుడులా రాలుతోంది. బావ తొందరలో ఒక గేట్ల వెల్డరును పిలిచాడు. అతను నాలుగు డోర్లూ ఊడదీయించి, తుప్పు గడపలు కోసేసి, కొత్త రేకు వంచి అతికించి పోయాడు. అతుకు చూడ్డానికి శుభ్రంగా ఉంది. డోర్లు తెచ్చి పెడితే ఒక్కటీ సరిగ్గా మూసుకుని పడలేదు.

ఎడమవైపు వెనక డోరుతో మొదలుపెట్టాం. అక్క ఎక్కాల్సింది అటునుంచే. మడతబందులకు బోల్టులు బిగించి డోరు నెడితే పైమూల బాడీకి తగిలి ఆగిపోయింది. కింద చూస్తే వేలు పట్టేంత సందు. బోల్టులు వదులు చేసి డోరును కిందికి జరిపాం. గడపకు రాసుకుంది. బందుల వెనక రేకు ముక్కలు పెట్టి బయటికి తెచ్చాం. ముందు డోరు అంచుకు కొట్టుకుంది. ముందు డోరు జరిపితే ముందు అద్దం పక్కనున్న పిల్లరు దగ్గర కొత్త సందు తెరుచుకుంది. ఒకచోట సరి చేస్తే ఇంకోచోట పోయేది. పొద్దంతా చేసి, సాయంత్రానికి పొద్దున ఉన్నచోటికే వచ్చేవాళ్ళం. ఇలా వారాలు గడిచాయి.

డయాలసిస్ రోజున అక్కతో నేనే పోయేవాణ్ణి. బావ షెడ్డులో ఉండేవాడు. ఒకరోజు ఆటోలో అక్క అంది, "మీ బావకు చెప్పు తమ్మీ. నాకు కారద్దు. గీ ఆటోల నా పక్కపొంటి కూసుంటె చాలు."

చెప్పాను. బావ తల ఎత్తకుండానే, "ఒక్క డోరు పడనియ్యి బామ్మర్ది. ఆ తర్వాత నేను యాడికి పోత?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం నాకు ఒక ఆలోచన వచ్చింది. బండి నడుము కింద జాకీ పెట్టి మెల్లగా లేపాను. చూస్తుండగానే డోరు పైసందు తెరుచుకుంది, కిందిది మూసుకుంది. చుట్టూ ఒకే వెడల్పు గీత గీసినట్టయింది. బావ డోరును అరచేత్తో తాకాడంతే. అది పోయి 'టక్' మని పడింది. కొత్త బండి డోరు పడ్డట్టు పడింది. బావ తీసి మళ్ళీ వేశాడు, మళ్ళీ తీసి వేశాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అక్క వైపు తిరిగి, "విన్నవా?" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఆ ఏడాదంతా చూడలేదు.

జాకీ దించాను. డోరు బిగుసుకుపోయింది. ఇద్దరం పట్టి లాగినా రాలేదు. మళ్ళీ జాకీ ఎత్తాకే వచ్చింది.

అక్క కాసేపు చూసి, "గట్లయితే జాకీ మీదనే తీస్కపోతవా నన్ను?" అంది. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు.

మంచిర్యాలలో రేకు పనికి పేరున్న ఒక ముసలి మేస్త్రిని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, డోర్ల సందుల్లో వేళ్ళు పెట్టి చూసి, గడప అతుకు దగ్గర కూర్చున్నాడు.

"నడుము కూసున్నది తమ్మీ. లోపట అడ్డాలు పెట్టకుంట కోస్తె గిట్లనే అయితది. డోర్లల్ల ఏం లేదు."

"మరి ఎట్ల అన్నా?" అని బావ అడిగాడు.

"మళ్ల కొయ్యాలె. లోపట పైపులు గుంజి కట్టి, నడుము లేపి, కొత్తగ అతికియ్యాలె. నెలలు వడ్తది. అప్పటికి గీ పాత ఇనుము ఆగుతదో లేదో నేను చెప్పలేను."

బావ ఇంటి వైపు చూశాడు. "గంత టైం లేదన్నా."

వంటింటి కిటికీ తెరిచే ఉంది. అక్క లోపల గిన్నెలు సర్దుతోంది. ఆ మాట తర్వాత గిన్నెల చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

మేస్త్రి వెళ్ళిపోయాక బావ గ్రైండరు అందుకున్నాడు. బాడీని సరిచేయడానికి సమయం లేదు కాబట్టి డోరునే మార్చేద్దామన్నాడు. నేను వద్దనలేదు. డోరు పైఅంచు అరగదీశాం. వెనక ఇనుప దిమ్మె ఆనించి సుత్తితో కొట్టి మూల లోపలికి వంచాం. కింద ఇంకో రేకు అతికించి సందు పూడ్చాం. పైన లప్పం పెట్టి రుద్దాం. అన్ని తుప్పుల మధ్య ఆ డోరొక్కటే కంపెనీ నుంచి వచ్చినప్పటిలాగా తిన్నగా ఉండేది. దాన్ని మా చేతులతోనే వంకర చేశాం. చివరికి అది పడింది, కొంచెం గట్టిగా నెట్టాల్సి వచ్చినా పడింది. కుడివైపు వెనక డోరు మాకు లొంగలేదు. దాన్ని లోపలి నుంచి బైండింగు తీగతో కట్టేశాం.

పొద్దున్నే బయల్దేరాం. బండి నిండా ఎర్ర ప్రైమరు మచ్చలు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసర్లకు తెరిచినట్టే డోరు తెరిచి నిలబడ్డాడు. అక్కను ఎక్కించి, కుడివైపుకు జరిపి, నేను ఆమె పక్కన కూర్చున్నాను. సీటు నిజంగానే మెత్తగా ఉంది. గుంతల్లో బండి ఊగిందే గానీ కుదపలేదు. బ్రిడ్జి మీద అక్క అద్దం దించి చేయి బయట పెట్టింది. గోదారిలో ఇసుక మేటలే ఎక్కువ ఉన్నాయి. ఆమె వాటినే చూస్తూ, "మంచిగున్నది," అంది. ఇసుక గురించో, కారు గురించో నేను అడగలేదు. లారీల మోతలో ముందున్న బావకు ఆ మాట వినబడి ఉండదు.

దవాఖాన ఆవరణలో బండి ఆపి బావ దిగొచ్చి డోరు పట్టుకున్నాడు. రాలేదు. నేను లోపలి నుంచి భుజంతో నెట్టాను. కదల్లేదు. మా ఇద్దరి బరువుకు, దారి పొడుగునా పడ్డ గుంతలకు నడుము ఇంకా కూర్చుంది. బావ ఒక కాలు బాడీకి తన్ని లాగాడు. హ్యాండిలు ఊడి చేతికొచ్చింది. అటు డోరు తీగ తెంపుదామంటే కటింగ్ ప్లయరు ఇంట్లోనే ఉండిపోయింది. ముందు సీటు మీది నుంచి దాటడం అక్క వల్ల కాదు. మనుషులు పోగయ్యారు. ఒకాయన రాయి తెచ్చి అద్దం పగలగొడదామన్నాడు. ఇంకొకరు ఫోనులో వీడియో తీస్తున్నారు. బావకు చెమటలు కారుతున్నాయి.

"మెల్లగనే తియ్యి," అంది అక్క లోపలి నుంచి. "నేను యాడికి పోతలేను."

"జాకీ, బావా," అన్నాను నేను.

ఆయన డిక్కీలోంచి జాకీ తీసి, అందరూ చూస్తుండగా ఇస్త్రీ చొక్కాతో నేల మీద పడుకుని, నడుము కింద దాన్ని పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి డోరు తనంతట తానే తెరుచుకుంది. అప్పటికి అక్క వంతు దాటిపోయింది. ఆమె మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. కాళ్ళు ఉబ్బిపోయాయి. బావ ఆమె ఎదురుగా నిలబడే ఉన్నాడు. కూర్చోమని నేను రెండుసార్లు చెప్పినా కూర్చోలేదు.

తిరిగొచ్చేటప్పుడు అక్కే ఆటో పిలవమంది. ఎక్కి, పక్కన చోటు చూపించి, "రా," అంది బావతో. ఆయన ఎక్కాడు. కారును మర్నాడు నేను తెచ్చాను, డోరును తాడుతో కట్టి.

ఆ తర్వాత బావ షెడ్డులోకి పోలేదు. ప్రతిసారీ అక్కతో ఆటోలో వెళ్ళాడు. ఆమె కోరింది అదే. కానీ నేను అనుకున్నంత సుఖం అందులో ఇద్దరికీ దొరకలేదు. అక్క నొప్పి తగ్గలేదు. బావ గుంత ఎక్కడొస్తుందో చూసుకుంటూ, వచ్చే ముందే ఆమె చేయి గట్టిగా పట్టుకునేవాడు. ఆ పట్టుకే ఆమె ఉలిక్కిపడేది. వానాకాలం చివర్లో, డయాలసిస్ లేని ఒక రోజున, మంచం మీదే ఆమె ప్రాణం పోయింది.

కొత్తగూడెం నుంచి వచ్చిన కూతురు పది రోజులుండి వెళ్ళాక నేను బావతో అన్నాను, "ఇప్పుడు టైం ఉన్నది కద బావా. మేస్త్రి చెప్పినట్టు మళ్ల కోసి, సక్కగ చేద్దం."

"చేసి?" అన్నాడు.

నేను షెడ్డులో పరిచి ఉన్న పనిముట్లు ఏరి సంచిలో పెట్టుకున్నాను.

పాత అంబాసిడర్లు బాగుచేసుకునే ఒకతను మా కారు సంగతి తెలిసి డోర్ల కోసం వచ్చాడు. మూడు డోర్లు నచ్చాయి. నాలుగోదాన్ని కొలతకని తన బండికి ఆనించి చూసి, చుట్టూ చేయి తిప్పి, "ఇది ఏ బండికీ రాదు," అని గోడకు చేర్చి పోయాడు. మిగిలిన బండినీ, ఆ డోరునూ పాత ఇనుము వాళ్ళు తీసుకుపోయారు. ట్రాలీలోకి ఎత్తుతుంటే బండి నడుము దగ్గర ఇంకాస్త వంగింది.

ఇప్పుడు ఆయన ఒక్కడే ఉంటున్నాడు. బండి అన్నదే ముట్టడు, ఎక్కడికన్నా పోవాలంటే బస్సు ఎక్కుతాడు. ఆదివారం చర్చి అయిపోయాక నేను అన్నం డబ్బా పట్టుకుని వెళ్తాను. అవతల ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పెడితే కిటికీ అద్దాలు చప్పుడవుతాయి. ఇద్దరం తలెత్తి చూసి మళ్ళీ తింటాం. మాకు మాట్లాడుకోవడానికి ఉన్నదల్లా అక్క సంగతే. అది ఇద్దరమూ ఎత్తం. కాసేపు కూర్చుని, ప్లేట్లు కడిగి బోర్లించి, నేను లేచి వస్తాను.