అక్క గొంతు పోయిన ఆదివారం

నా చిన్నప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్ళు ఏ బెంచీలో కూర్చునేవారో ఇప్పటికీ చెప్పగలను. ఆరో తరగతిలో నన్ను తెలుగు బడి మాన్పించి తిరుపతిలోనే ఒక ఇంగ్లీషు మీడియం బడిలో వేశారు. చదవమంటే చదివేదాన్ని, రాయమంటే రాసేదాన్ని. మాట్లాడమంటే మాత్రం నోట్లో తడి ఆరిపోయి కళ్ళనీళ్ళు వచ్చేవి. ఒక శుక్రవారం మా టీచరమ్మ, సోమవారం లేచి మా ఊరి గురించి ఇంగ్లీషులో మాట్లాడకపోతే ఐదో తరగతికి దించేస్తానంది. ఆ మాట నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు. అందరి ముందూ చెప్పింది. దించితే ఇక బడే వద్దన్నాడు మా నాయన. ఆ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు.

మా పక్కింటి అక్కకు తిరుమలలో గాజుల అంగడి ఉండేది. ఆదివారం తోడు కావాలని నన్ను కొండకు తీసుకుపోయింది. అంగడి తెరవగానే మెడకు తువ్వాలు చుట్టుకుని, గొంతు పోయిందని సైగ చేసి, నన్ను ముందుకు తోసింది. తెలుగువాళ్ళతో ఎలాగో నెట్టుకొచ్చాను. ఆ తర్వాత ఉత్తరాది దంపతులు వచ్చారు. ఇద్దరివీ గుండ్లే, చంకలో పాపదీ గుండే, వాటి మీద గంధం ఇంకా ఆరలేదు. నాకు హిందీ రాదు, వాళ్ళకు తెలుగు రాదు. అక్క వైపు చూస్తే తల వంచుకుని గాజులు తుడుస్తోంది. పారిపోదామంటే దారి లేదు.

"బేబీ హ్యాండ్ గివ్," అన్నాను.

ఆమె పాప చేయి ఇచ్చింది. "స్మాల్, స్మాల్ వాంట్," అంది. ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి గొంతు పోయింది నాకే.

దిగే బస్సులో అక్క ఒకాయన మీద విరుచుకుపడింది. "లెయ్యప్పా, ఇది ఆడోళ్ళ సీటు. రాసిండాది కనపడలా?"

"గొంతు పోయినాదంటివే?" అన్నాను.

"వచ్చేసినాది మే."

"నన్ను మోసం చేసినావక్కా."

"చేస్తిని. నువ్వు తప్పుగా మాట్లాడినావని ఆ యమ్మ గాజులు ఆడనే పారేసి పోయిందా? సోమవారం నవ్వేవాళ్ళు నవ్వనీ. నువ్వు మజ్జలో ఆపొద్దు."

అలిపిరి దాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

సోమవారం మొదటి బెంచీ నవ్వింది. టీచరమ్మ మాట మధ్యలో అడ్డుపడి తప్పు దిద్దింది. కళ్ళు మసకబారాయి, ఇక ఐదో తరగతే అనుకున్నాను. అయినా ఆగిపోయిన వాక్యాన్నే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. ఏడుస్తూనే చివరిదాకా చెప్పాను. "సరే, కూర్చో," అంది టీచరమ్మ. దించలేదు. బాగుందని కూడా అనలేదు, అది నేను మరిచిపోలేదు.

ఇప్పటికీ బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా నా ఇంగ్లీషు విని పెదవి విరిస్తే లోపల అదే భయం పుడుతుంది. ఆ ముఖం గుర్తు పెట్టుకుంటాను. చెప్పదలచుకున్నది మాత్రం పూర్తిగా చెప్పాకే అక్కణ్ణుంచి కదులుతాను.